లాభం, రెండు, మూడు

పోయిన బుధవారం పొద్దున్న మా పక్కింటి మెకానిక్ మావయ్య చనిపోయారు. అమ్మ ఫోన్ చేసేసరికి నేను విశాఖపట్నంలో, పని చేసే కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటిస్తున్నాను. "టీ తాగి గ్లాసు కింద పెట్టేడట. అంతేనట," అంది అమ్మ. అనకాపల్లి బస్సు ఎక్కేదాకా నాకు ఏడుపు రాలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు కాబట్టి నాకు మావయ్య అయ్యారు. చాలా ఏళ్ళు షెడ్డు నడిపి, తుంటి నొప్పితో నిలబడలేక మూసేశారు. తర్వాత ఇంటి ముందు స్టూలు వేసుకుని, వీధిలో వెళ్ళే బళ్ళ చప్పుడు వింటూ కూర్చునేవారు. "ఆ ఆటోకి బేరింగు అలిసిపోయింది," అనేవారు. ఆయన ఏ వస్తువునూ పాడైందని అనగా నేను వినలేదు. అన్నీ అలిసిపోయేవి. ఎందుకలా అంటారో అడగాలనిపించేది. కానీ మనుషులతో మాట కలపడం నాకు తేలిగ్గా రాదు. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన "ఎక్స్‌క్యూజ్ మీ" ఆయన ముందు ఎలా అనాలో తెలిసేది కాదు.

మూడేళ్ళ కిందట ఒక ఎండాకాలం ఉదయం నాన్న కారు కింద పచ్చటి నీటి మరక కనిపించింది. నాన్న ఆ కారును కిరాయికి తిప్పుతారు. మా ఇంటికి ఆధారం అదొక్కటే. మావయ్య నేల దాకా వంగలేరు కాబట్టి నన్ను మరకలో వేలు ముంచి చూపించమన్నారు.

"వాటర్ పంపు ఏడుత్తంది బావా. ఆ నీళ్ళు టైమింగ్ బెల్టు మీద పడతన్నాయి. బెల్టుకీ వయసైపోయింది. ఒకపాలి విప్పేక రెండూ మార్సేయాల."

"వేరే షెడ్డుకి తోలుకెళ్ళనా?"

"దార్లో బెల్టు తెగితే ఇంక ఇంజనే ఉండదు. ఇక్కడే విప్పుదాం. నాను స్టూలు మీద కూకుని సెప్తాను, నువ్వు బోల్టులిప్పు. కళ్ళకి పాప ఉంది కదా."

"దానికి పుస్తకాలు తప్ప స్పానరు తెలీదు బావా."

"సదవడం వచ్చు కదా. సాలు."

ఆయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. వాళ్ళింట్లోంచి అత్తయ్య ఇడ్లీ రేకులు తెచ్చి ఠప్పున కింద పెట్టింది. విప్పిన బోల్టులు ఆ గుంటల్లో వేయాలి. పై రేకు పై బోల్టులకి, కింది రేకు కింది వాటికి.

"ఈసారి ఇడ్లీలో నట్టొత్తే నాకు పూచీ లేదు," అంది అత్తయ్య.

"పంటికి తగిల్తే ఏ సైజో సెప్తాను, ఇడ్లీ ఎట్టు," అన్నారు మావయ్య.

మూత విప్పగానే నల్లటి బెల్టు కనిపించింది. లోపలి వైపంతా పళ్ళు. ఆ రోజే మొదటిసారి ధైర్యం చేసి అడిగాను. "దీన్ని టైమింగ్ అని ఎందుకంటారు మావయ్యా?"

ఆయన ముఖం వెలిగింది. ఒక పిడికిలి కింద, ఒక అరచెయ్యి పైన పెట్టారు. "ఇది పిస్టను, పైకీ కిందకీ తిరుగుతుంటాది. పైనున్నవి వాల్వులు, తలుపుల్లాటివి. ఇది పైకొచ్చీసరికి అవి మూసుకోవాల. రెండిటికీ మాట కలిపేది ఈ బెల్టు. పళ్ళు తప్పేయనుకో..." పిడికిలి అరచేతికి గట్టిగా తగిలింది. "మీ నాన్న కారు అక్కడితో సరి."

పాత బెల్టు తీసే ముందు పై చక్రం దగ్గర ఒకటి, కింది చక్రం దగ్గర ఒకటి, బెల్టు మీదా చక్రం మీదా వెనకున్న ఇంజను మీదా కలిసేలా గుర్తులు పెట్టాలి. నెయిల్ పాలిష్ తెమ్మన్నారు. మా ఇంట్లో లేదు. వైట్నర్ తెచ్చాను.

"ఇదేటి, సున్నమా?"

"రాతలో తప్పులు దిద్దేది మావయ్యా."

"అయితే మనకి పనికొత్తాది," అన్నారు.

బెల్టు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ రెండు గుర్తుల మధ్య పళ్ళను వేళ్ళతో తడుముతూ పైకే లెక్కపెట్టారు. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది..." నలభై దగ్గర ఆగారు. నేను నోటుబుక్కులో నలభై అని రాసుకున్నాను.

"ఏడు అనరేం మావయ్యా?"

"పని కాడ ఏడు అనీకూడదు. ఏడవడానికి పంపుంది కదా."

రావికమతం దగ్గర వాళ్ళ నాన్న కళ్ళంలో ధాన్యం కొలుస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న లెక్కట అది. బడికి వెళ్ళింది తక్కువ. నాకు చాలా ఆశ్చర్యం వేసింది. అంకెలో ఏడుపు ఉందని నాకెప్పుడూ తట్టలేదు. నాన్న బజారు నుంచి కొత్త పంపూ బెల్టూ తెచ్చి, పంపు బిగిస్తున్నంతసేపూ నేను ఆ ఆరున్నొకటి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

తర్వాత కొత్త బెల్టు నా చేతికిచ్చి, నలభై లెక్కపెట్టి రెండు గుర్తులూ పెట్టమన్నారు. గుర్తు పెట్టిన పన్ను మీద వేలు ఉంచి "లాభం" అన్నాను. అది పని మొదలుపెట్టే ముందు దండం లాంటి మాట అనుకున్నాను. పక్క పన్ను నుంచి ఒకటి, రెండు అంటూ నలభై వరకూ వెళ్ళి రెండో గుర్తు పెట్టాను. ఏడు దగ్గర మాత్రం ఆరున్నొకటి అనడం మర్చిపోలేదు.

బెల్టు ఎక్కింది. నాన్న చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్ళారు. మర్నాడు తెల్లవారే ఒక పెళ్ళివారిని శ్రీకాకుళం తీసుకెళ్ళాలి. ఇక స్టార్టు చేయడమే అనుకున్నాను. మావయ్య ఒప్పుకోలేదు. గోడ పట్టుకుని లేచి వచ్చి, కింది చక్రానికి పొడుగు స్పానరు తగిలించి, చేత్తో మెల్లగా తిప్పారు. "ముందు సేత్తో రెండు సుట్లు తిప్పి ఇంజన్ని అడగాల," అన్నారు. రెండు చుట్లయ్యాక చక్రాల మీది గుర్తులు ఇంజను మీది గుర్తులకి ఎదురుగా వచ్చాయో లేదో నన్ను చూడమన్నారు. కిందిది సరిగ్గా ఉంది. పైది ఒక పన్ను పక్కకి జరిగి ఉంది.

నోటుబుక్కు తీసి చూశాను. నలభై అనే ఉంది.

"ఎలా లెక్కెట్టేవో మళ్ళీ లెక్కెట్టు," అన్నారు మెల్లగా.

"లాభం, ఒకటి, రెండు..."

ఆయన స్టూలు మీద కూలబడి, చప్పుడు లేకుండా పొట్ట అదిరేలా నవ్వారు. "ఓలమ్మా! లాభమే ఒకటి తల్లీ! ఒకటి అంటే ఒంటరిదైపోతాదని లాభమంటాం!"

అప్పుడే నాన్న వచ్చారు. "ఏటయింది బావా?"

మావయ్య నా వైపు చూడను కూడా లేదు. "ఏటీ లేదు బావా. కొత్త బెల్టు కదా, ఒకపాలి తీసి ఎక్కిద్దాం," అన్నారు.

నాన్న బోల్టులు విప్పుతుంటే నా పక్కకి వంగి, "స్టార్టు సెయ్యకముందు దొరికిన తప్పు పనిలో బాగమే," అన్నారు. నేను వైట్నర్ గుర్తు గీకేసి ఒక పన్ను వెనక్కి పెట్టాను. మళ్ళీ బిగించారు. మళ్ళీ చేత్తో రెండు చుట్లు తిప్పారు. ఈసారి రెండు గుర్తులూ వాటి చోట్లలోనే ఉన్నాయి. అయినా ఇంకో రెండు చుట్లు తిప్పమని నేనే అడిగాను. ఎందుకని అడక్కుండా తిప్పారు.

ఆ రోజు నుంచి ఆయనకు నా పేరు లాభం. సెలవుల్లో ఇంటికొస్తే వీధి మొదట్లోనే "ఏటి లాభం, ఎప్పుడొచ్చేవు?" అని కేక వినపడేది. సిగ్గుతో తల వంచుకుని నడిచేదాన్ని. ఇప్పుడు ఆ వీధిలో తల ఎత్తి నడవగలను, పిలిచేవాళ్ళు లేరు. మొన్న పదిమందీ కూర్చున్న చోట అత్తయ్య, "మొన్నాదివారం కూడా లాభం ఎప్పుడొత్తాదని అడిగేడమ్మా," అంది. ఆ పేరెందుకొచ్చిందో ఆవిడకు తెలియదు. నాన్నకీ తెలియదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. నాన్న ఇది చదివితే తెలుస్తుంది.

బెల్టు మార్చిన ఆ సాయంత్రం తాళం తిప్పడానికి నాన్న ముందుకొస్తే మావయ్య చెయ్యి అడ్డం పెట్టారు. "పాప తిప్పుతాది." నాకు డ్రైవింగ్ రాదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, నన్ను సీట్లో కూర్చోబెట్టారు. తిప్పాను. ఒక్క దగ్గు లేకుండా ఇంజను అందుకుంది.

"ఇప్పుడు రా, పంపు పని సేత్తందో లేదో సూద్దాం."

ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు మళ్ళీ పోసి, రేడియేటర్ మూత తీసే ఉంచారు. ఇద్దరం వంగి లోపలికి చూశాం. పచ్చటి నీళ్ళు గుండ్రంగా, కదలకుండా, మా రెండు ముఖాలనూ పట్టుకుని ఉన్నాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి. ఇంజను వేడెక్కాక ఒక బుడగ వచ్చింది. ఇంకొకటి వచ్చింది. ఉన్నట్టుండి నీళ్ళు సుడి తిరిగి ప్రవాహమయ్యాయి. అందులో మా ముఖాలు చెదిరిపోయి ఒకదాన్లో ఒకటి కలిసిపోతుంటే, మేమిద్దరం కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయాం.