నా మచ్చ, వాళ్ల తుపాకీ

ఈ రోజు పనికి సెలవు అడిగి సర్కారు కచేరీకి వెళ్లాను. పోయిన నెల చెరకు తోటలో తుపాకీ గుండు తగిలి మా పెద్దాడు అప్పన్న పోయాడు. పందిని కాల్చబోతే తగిలిందన్నారు. కాల్చింది ఎవరో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే మన తోట చుట్టుపక్కల ఎవరెవరికి తుపాకీ లైసెన్సు ఉందో చూపమని గుమాస్తాను అడిగాను. ఆయన మన తెలుగువాడే.

"ఆ పుస్తకం నీకు చూపకూడదమ్మా. అది దొరల సొంత సంగతి. పేర్లు బయటికొస్తే తుపాకుల కోసం వాళ్ల ఇళ్ల మీద దొంగలు పడరా?"

"నాకు తుపాకీ ఎందుకు బాబూ, పేరు చాలు."

ఆయన "ముందు నువ్వెవరో చూడాలి, గిర్మిట్ నంబరు చెప్పు" అని ఇంకో పుస్తకం తీశాడు. గిర్మిట్ అని కూలి ఒప్పందం రాయించుకుని ఫిజీ ఓడ ఎక్కించే ముందు మన ఒంటి గుర్తులు రాసుకున్న పుస్తకం అది. వరండాలో పదిమంది వింటుండగా గట్టిగా చదివాడు.

"ఎడమ రొమ్ము కింద కాలిన మచ్చ. ఉందా?"

ఉందని చెప్పి కొంగు సర్దుకున్నాను. అయినా తుపాకుల పుస్తకం తెరవలేదు.

నా మచ్చ సంగతి పదిమందీ వినొచ్చు. నా కొడుకును చంపిన తుపాకీ ఎవరిదో నేను వినకూడదు. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

ఈ కాగితం కూలి లైన్లలో ప్రతి గదికీ పంపుతున్నాను. ఎవరి చేతిలో తుపాకీ చూశారో కింద రాయండి. రాయడం రానివాళ్లు నాతో చెప్పండి, నేను రాస్తాను. సగం కాగితం ఖాళీగా ఉంచాను.