తిరగేసి చూసిన కాగితం

కుడి ఎడమలు తెలియని వాణ్ని కాను. ఆదోని కాలేజీలో రెండేళ్లు ఎన్.సి.సి. చేశాను, కవాతులో ఏనాడూ తప్పు కాలు వేయలేదు. అయినా డెబ్బైల చివర ఒక ఉదయం, ఆదోని కొండ పక్కన ఎండలో కూర్చుని, అన్నం తినే చేయి ఏదో కాసేపు ఆలోచించుకోవలసి వచ్చింది.

ఊళ్లో ఒక పత్తి మిల్లు యజమాని దుర్భిణి ఉన్న రైఫిలు కొన్నాడు. దుర్భిణిలో రెండు గీతలు కలిసే చోటు ఒకటి, తూటా పోయి తగిలే చోటు ఇంకొకటి. ఆ రెంటినీ కలిపినవాడికి తుపాకీ కాపలా ఉద్యోగం ఇస్తామన్నారు. నాకు పది తూటాలు ఇచ్చారు. గురి కుదిరితే ఆదోనిలో ఉద్యోగం, లేకపోతే ఎమ్మిగనూరు వెళ్లి నాన్న పక్కన రెండో మగ్గం కింద కాళ్లు దింపుకునే గుంతలో కూర్చోవాలి. నాన్నకు చూపు మందగిస్తోంది, నేను మగ్గం ఎక్కాలని ఆయన కోరిక. నాకేమో ఆ గుంత చూస్తేనే ఊపిరాడేది కాదు. నూలు కోసం ఆదోని వచ్చిన నాన్న, పిలవకుండానే నా వెంట వచ్చి బండ నీడలో కూర్చున్నాడు. నాకు లోపల ఒకటే చిరాకు.

పరీక్ష పెట్టింది మిల్లు పెద్ద కాపలాదారు, మిలిటరీలో చేసి వచ్చిన సాయిబు. దుర్భిణి పక్కన, ఎడమకు ఎల్, కుడికి ఆర్ అని అక్షరాలు చెక్కిన మరను చూపించి ఒక్కసారే చెప్పాడు. "గుండు యా పక్కకు పోవాలనుకుంటే ఆ పక్కకే తిప్పప్పా. ఐదు టిక్కులకు ఒక వేలంత జరుగుతాది. ఇంకేమీ అడగొద్దు, సూసేది మాత్రమే నా పని." బీడీ ముట్టించుకున్నాడు.

యాభై గజాల దూరంలో గోనెబస్తా, దాని మీద పలచటి కాగితం. కాగితం నడుమ సిరాతో గీసిన చిన్న గుండ్రం. నా ముందున్న ఇంకో బస్తా మీద తుపాకీ ఆనించి, ఊపిరి బిగబట్టి మూడు కాల్చాను. నడిచి వెళ్లి చూస్తే మూడు తూట్లూ ఒకే చోట, గుండ్రానికి ఎడమన నాలుగు వేళ్ల దూరంలో ఉన్నాయి. చేయి నిలకడగానే ఉంది, మర తిప్పితే చాలని సంతోషంగా కాగితం ఊడదీసి, కొత్తది అంటించి వచ్చాను. తుపాకీ దగ్గర కూర్చుని వేళ్లతో కొలుద్దామని చూస్తే తూట్లు కుడివైపున ఉన్నాయి!

నడిచి వచ్చేలోపు తూట్లు పక్క మారతాయా? కంగారులో అక్కడే సరిగా చూసి ఉండననుకున్నాను. చేతిలో ఉన్న కాగితాన్ని నమ్మక ఇంకేం నమ్మాలి? మరను ఎడమకు ఇరవై టిక్కులు తిప్పాను.

మళ్లీ మూడు కాల్చాను. కాగితం అంచున ఒక్కటే తూటు, మిగతా రెండూ గోనెలోకి పోయాయి. అక్కడ చూస్తూ నిలబడకుండా దాన్నీ ఊడదీసి తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాను. కుడి అంచు. తిప్పింది ఎడమకు, పోయింది ఇంకా కుడికి. గాలా? నా కన్నా? మర మీది అక్షరాలే తప్పా? సాయిబు వైపు చూశాను. "అక్షరం యాడుంటే ఆడికే తిప్పాల" అన్నాడు, అంతే. పళ్లు కొరుక్కుంటూ ఎడమకే ఇంకో నలభై తిప్పాను. ఈసారి మూడు కాల్చి వెళ్తే కాగితం మీద ఒక్క తూటూ లేదు.

ఇక మిగిలింది ఒక్క తూటా. ఏడుపు వచ్చేలా ఉంది. కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. నీడలోంచి నాన్న లేచి వచ్చి మొదటి కాగితం తీసుకున్నాడు. తూటు అంచుల మీద బొటనవేలు ఆడించాడు.

"ఏందిరా, ముఖం కిందికి పెట్టుకోని సూస్తాండావు? సినిగిన కొసలు ఈ పక్కకు లేసినాయి. ఇది ఎనక."

తిరగేశాడు. తూట్లు ఎడమకు వచ్చేశాయి.

మా ఇంట్లో అంచుకు చిలకల్ని నేసేటప్పుడు బట్ట ముఖం కిందికి ఉండేది. బొమ్మ ఎలా వచ్చిందో చూడాలంటే తిరగేయాల్సిందే. ఊహ తెలిసినప్పటి నుంచీ ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు తిరగేసేవాణ్ని. సిరా రెండో వైపుకూ ఇంకిన ఆ పలచటి కాగితాన్ని కూడా, నాకు తెలియకుండానే, ప్రతిసారీ తిరగేసుకుని కూర్చున్నాను.

తిప్పిన టిక్కులు మాత్రం పోగుల్లా లెక్కపెట్టి గుర్తుంచుకున్నాను. అరవై వెనక్కి తిప్పి, ఇంకో ఇరవై కుడికి కలిపాను. చివరి తూటా గుండ్రం లోపల, కొంచెం కిందుగా తగిలింది. ఈసారి కాగితం ఊడదీయలేదు, సాయిబునే అక్కడికి తీసుకెళ్లాను.

"పని నీదేనప్పా" అని నవ్వి, "మీ నాయన కూడా మిలిటరీనా?" అన్నాడు.

"కాదు సాబూ, మగ్గం నేస్తాడు."

వెనక్కి తిరిగితే నాన్న లేడు. తువ్వాలు తలకు చుట్టుకుని, బస్టాండు వైపు అప్పటికే సగం దూరం పోయాడు. పరుగెత్తి పట్టుకున్నాను.

"ఎందుకు సెప్పినావు నాయనా? గమ్మునుంటే నేను ఇంటికి వచ్చేవాణ్ని కదా."

"తప్పుగా పట్టుకొంటివి, సెప్పినా" అన్నాడు. "జరుగు, బస్సు పోతాది."

ఆ నెలలోనే నాన్న రెండో మగ్గం ఊడదీసి, గుంత పూడ్చేశాడని అమ్మ చెప్పింది. కోపంతో పూడ్చాడో, ఇంకెందుకు పూడ్చాడో నాకు అంతుపట్టలేదు, అడిగే ధైర్యమూ లేకపోయింది. సెలవుకు ఇంటికి వెళ్తే, అలికిన ఆ చోటే నాకు చాప పరిచాడు. పక్క గుంతలోకి తాను దిగి, కళ్లు చికిలించి అంచు పోగులు వెతుక్కుంటూ, "ఈడ కాళ్లు సాపుకోని పండుకోరా" అన్నాడు.