రిజిస్టరులో దొరకని డాక్టరు

నిరుడు విదేశంలో, మేముంటున్న క్రెయిగీబర్న్‌లో, మా ఆవిడకు కంటిశుక్లం ఆపరేషన్ ఖాయమైంది. ఎవరి చేతికి కన్ను అప్పగిస్తున్నామో తెలుసుకోవద్దా? ఈ దేశంలోని డాక్టర్లందరి వివరాలూ ఉండే ప్రభుత్వ రిజిస్టరును ఇంటర్నెట్‌లో తెరిచి, క్లినిక్ బోర్డు మీదున్న ‘డాక్టర్ శ్రీని’ కోసం వెతికాను. లేడు!

మర్నాడు క్లినిక్‌లో అందరూ వినేలా, “ఈయన అసలు డాక్టరే కాదు!” అని అరిచాను.

శ్రీని బయటికొచ్చి, “అంకుల్, బోర్డు మీదున్నది పొట్టిపేరు. ఇంటిపేరు కొట్టి చూశారా?” అని తన కార్డు ఇచ్చాడు.

అక్కడే ఫోన్‌లో కొట్టాను. దొరికాడు! కంటి స్పెషలిస్టు, వైద్యం చెయ్యడానికి ఆంక్షలేవీ లేవు. పైకి చదివి, “సరే, ఆపరేషన్ చెయ్యండి” అన్నాను.

“చేస్తారో లేదో ముందు ఆయన్ని అడగండి!” అంది మా ఆవిడ.

చేశాడు. చూపు శుభ్రంగా వచ్చింది. నా చిన్నతనంలో మా ఊళ్లో డాక్టరును ఏం చదివారని అడిగితే పొగరన్నారు. ఇక్కడ క్లినిక్‌లో అంత అరిచినా నవ్వారంతే. నేను మాత్రం అడగడం మానను.