“తె” కనబడని పదకొండు రోజులు

మా టైపు సార్ పోయారు. రెండు వారాల కింద, బుధవారం పొద్దున, నాచారం దవాఖానా నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. ముప్పై ఏళ్ల కింద ఉప్పల్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతూ, నా కథల కట్ట చేతిలోకి తీసుకుని, “దసరా లోపట కొట్టిస్త, ఫికర్ జెయ్యకు” అన్న మనిషి ఆయన. కొట్టలేదు. ఆ దసరాకు ఎవరో లీడరుగారి ఉపన్యాసాలు టైపు కొట్టారు. అవి పుస్తకమై, ఎవరూ తెరవకుండా లైబ్రరీలో నిక్షేపంగా ఉన్నాయి. నేను ఆయనతో చాలా ఏళ్లు మాట్లాడలేదు.

చూడటానికి వచ్చినవాళ్లంతా “దేవుడసొంటి మనిషి” అన్నారు. దేవుడి సంగతి నాకు తెలియదు. సార్ మాత్రం మొండి. నిదానం. ఎదుటివాడి ఓపిక ఎంతవరకు సాగుతుందో చూసే రకం.

ఈ వేసవిలో తనే మా ఇంటికి వచ్చారు. “కట్ట ఉన్నదా, పారేసినవా?” అన్నారు. ఉంది. రోజూ భోజనం చేసి వచ్చి, మా ఇంటి కంప్యూటర్ ముందు నిటారుగా కూర్చుని, ఒక పేజీ కొట్టి వెళ్లేవారు. కళ్లు కాగితం మీదే. లైను చివరికి రాగానే ఎడమ చెయ్యి గాల్లోకి లేచి, ఇక్కడ లేని టైపు మిషను లివరును పక్కకు నెట్టేది. క్షమాపణ ఎన్నడూ చెప్పలేదు. కథలో ఎవరిదో మాట దగ్గర ఆగి, “ఈమె గిట్ల మాట్లాడదయ్యా” అనేవారు. ఆయన అన్నదే నిజం. పత్రికల్లో వచ్చిన నా కథల మీద పేజీలు రాసిన విమర్శకుల్లో ఒక్కడికీ అలాంటి ముక్క తట్టలేదు.

ఇంక పదకొండు పేజీలే ఉన్నాయనగా, తెర కింది మూలన ఉండే “తె” మాయమైంది. దాన్ని నొక్కితేనే కీబోర్డు తెలుగులోకి మారుతుంది. అది లేకపోతే ఏ అక్షరం కొట్టినా ఇంగ్లీషే.

“ఏం జేసినవ్?”

“నేనేం చెయ్యలే సార్.”

“ఎవ్వలేం జెయ్యకుంట ఎట్ల పోతది? సోంచాయించు, యాదికి తెచ్చుకో.”

సెట్టింగుల్లో తెలుగు తీసి మళ్లీ పెట్టాం. కీబోర్డే మార్చాం. రోజుకు ఒక్కటే ప్రయత్నం, అదీ నోటుబుక్కులో రాశాకే. “రెండు ఒక్కపారి మార్సినవనుకో, ఏది పనిజేసిందో ఎర్కుండదు.” నాకు ఒళ్లు మండిపోయేది.

“ఉప్పల్‌ల షాపుల ఇచ్చి ఫార్మాట్ కొట్టిద్దాం సార్.”

“తాళంచెవి దొర్కలేదని ఇల్లు గూలగొడ్తవా? జర్రంత ఓపిక లేదు, కథలెట్ల రాసినవయ్యా!”

ముప్పై ఏళ్లు ఆగినవాడితో అన్న మాట అది.

పదకొండో రోజు ఆదివారం. “తె” పోకపోతే, రోజుకో పేజీ చొప్పున ఆ రోజుకు పుస్తకం అయిపోయేది. పోచారంలో ఐటీ ఉద్యోగం చేసే మా బావమరిది వచ్చి, మా అవస్థ చూసి నవ్వాడు.

“అది నేనే తీసేసిన బావా. సిస్టం స్లో ఉన్నదని అక్క అంటే పోయినపారి క్లీనర్ సాఫ్ట్‌వేర్ నడిపిన. అక్కరలేనియన్నీ వోయినయ్. అయినా టైపెందుకు? ఫోన్ల మాట్లాడితే అదే రాసుకుంటది.”

సార్ “ఏ రోజు?” అని మాత్రం అడిగి, తేదీ రాసుకున్నారు. పోయింది కీబోర్డు భాషలను నడిపే చిన్న సిస్టం ప్రోగ్రాము. అది తెలిశాక, పోయిన ఫైళ్లను తిరిగి తెచ్చే కమాండు కొడితే, అరగంటలో “తె” వచ్చి మూలన కూర్చుంది. “రేపు కొడ్త” అని లేచారు. గుమ్మం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నారు.

మర్నాడు ఆయాసంతో దవాఖానాలో చేరారు. నేను వెళితే మాస్కు పక్కకు జరిపారు.

“ఎన్ని పేజీలున్నయ్?”

“పదకొండు.”

“నువ్వే కొట్టు. కీబోర్డు దిక్కు సూడకు, వేళ్లకే ఎర్కైతది.”

మూడో రోజు పోయారు. నాకు కావలసింది పేజీలు కాదు, ఒకచోట ఆగి “గిట్ల మాట్లాడదయ్యా” అనే మనిషి.

సార్ పదో రోజు కర్మ భోజనాల్లో, విస్తరి ముందు కూర్చున్న మా బావమరిది నా వైపు వంగి అడిగాడు: “బావా, ఇప్పుడు సిస్టం ఫాస్టున్నదా?”

అంతమందిలో అనలేనిది ఇక్కడ చెబుతున్నాను. ఆయాసంతో నాకు పేచీ లేదు. సార్ దసరా మాట తప్పిన సంగతి కూడా వదిలేశాను. ఆయన చదవకుండా మిగిలిపోయిన ఆ పదకొండు పేజీలకు నేను తప్పుపట్టేది ఒక్కణ్నే: మా బావమరిదిని.