పసుపు అంటిన పేజీ

మా ఆయన చిన్ననాటి వీడియో గేమ్ పత్రికలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. అవి కనుమరుగు కాకూడదని ఆయన ఆరాటం. ఒకదాంట్లో మధ్య పేజీ లేదు.

మొన్న ఆత్మకూరులో మా అత్తగారిల్లు సర్దుతుంటే, వంటింటి అలమరలో పోపుడబ్బా కింద ఆ పేజీ కనిపించింది. నున్నటి కాగితమని అత్తమ్మ బతికున్నప్పుడు చించి పరిచినట్టుంది. మూలన పసుపు మరక ఉంటే తడిగుడ్డతో తుడవబోయాను. ఆయన అరిచిన అరుపుకు హడలిపోయాను.

"తుడవకు. అది మా అమ్మ ఏలిముద్ర" అన్నారు.

పేజీని మరకతోనే పెట్టారు. ఎవరో ముక్కూమొహం తెలియనాయన అది చూసి, ఇంతకంటే మంచి పేజీ ఉంటే పెట్టమని రాశాడు. 

మా ఆయన చదివి నవ్వారు. "గింతకన్న మంచిది ఏడ దొరుకుతది?"

— ఒక పాఠకురాలు, వనపర్తి