గొడుగు పట్టిన చెయ్యి

ఏ దృశ్యాన్నైనా నాలుగు పక్కలా కోస్తే గాని అన్నావదినలతో ఉండే ఆ మరిది కంటికి ఆనదు. మూలమట్టాల్లా, ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు నల్ల అట్టముక్కలు ఎప్పుడూ అతని జేబులో ఉంటాయి. తీసిన ఫోటో మీద వాటిని అటూ ఇటూ జరిపి, అక్కర్లేనిదంతా మూసేస్తాడు. భోజనాల బల్ల దగ్గరా అదే వరస.

"వదినా, ఆ నీళ్ళ చెంబు తియ్యి. ఎడమ పక్క బరువెక్కువైంది."

"తాగితే తేలికవుతుంది, తాగు," అనేది వదిన.

వీధుల్లో నలుపు తెలుపు ఫోటోలు తీయడం అతని పని. కొత్త వంతెన ప్రారంభానికి ఒక పత్రికవాళ్ళు పంపితే వంతెన నీడను తెచ్చాడు. నీడలో ఆవలిస్తున్న కుక్క. పై అంచున మేయరుగారి బూటు కొన.

"ఆయనేడయ్యా?" అన్నాడు సంపాదకుడు.

"ఆయనుంటే కుక్క కనపడదు."

ఆ ఉద్యోగం కూడా ఆ అంచు దగ్గరే తెగింది.

పక్కింటి దర్జీ ఫోటో అడిగితే, సూదిలో దారం ఎక్కిస్తున్న వేళ్ళు తీసి ఇచ్చాడు.

"నా మొహం ఏమైంది?"

"మొహం అందరికీ ఉంటుంది."

ఇవన్నీ చెప్పుకుని వదిన పడీపడీ నవ్వేది. భర్త పోయాక ఆ నవ్వు ఆగింది. ఆయనకు కెమెరా అంటే సిగ్గు. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు.

ఒకరోజు మరిది గదిలో గోడ మీద ఒక ఫోటో చూసింది. వాన, తడిసిన రాళ్ళ బాట, గొడుగు పట్టి చాచిన ఒక చెయ్యి. అంతే. మోచేతి దగ్గర వంకరగా మడిచిన చొక్కా చూడగానే అది ఎవరి చెయ్యో తెలిసిపోయింది.

"ఆ గొడుగు కింద ఉన్నది నేనే కదూ?"

మరిది తలూపాడు.

"నన్నెందుకు కోశావు?"

"కూర్పు కుదరలేదు, వదినా."

"అంత కాపురం కుదిరింది, నీ కూర్పుకి కుదరలేదా? నెగెటివ్ ఉంటుందిగా, మొత్తం తీసి ఇయ్యి."

"అది పోయింది."

"ఊడిన పాలపన్ను కూడా దాచుకున్న మనిషివి! నెగెటివ్ పోగొట్టావా?"

మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారి గొంతు తగ్గింది.

"ఆయన పక్కన నేనెలా ఉండేదాన్నో మర్చిపోతున్నానయ్యా."

మరిది లేచి చీకటిగది తలుపు తీశాడు.

ఎర్రదీపం కింద, మందునీళ్ళలో కాగితం మెల్లగా నలుపెక్కింది. ముందు గొడుగు. తర్వాత ఆయన, తలా భుజాలూ ముద్దగా తడిసి. గొడుగంతా ఆమె మీదే ఉంది. దాని కింద చుక్క తడి లేకుండా ఆమె, మొహం అటు తిప్పుకుని, మూతి ముడుచుకుని.

మరిది నేల చూపులు చూశాడు.

"అన్నయ్యని నేను తీసిన ఆఖరి ఫోటో ఇది. ఆఖరుసారి కూడా అలిగానా అని నువ్వు కుమిలిపోతావని కోశాను. అన్నీ కోసేవాణ్ణే కదా, ఎవరికీ అనుమానం రాదనుకున్నాను."

ఆమె తడి కాగితాన్ని రెండు అంచులా పట్టుకుని చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి నవ్వు తన్నుకొచ్చింది.

"పిచ్చివాడా! అలగకపోతే అది నేనెలా అవుతాను?"

మరిది కూడా నవ్వాడు.

"ఇంతకీ ఆ రోజు ఎందుకంత కోపం, వదినా?"

ఆమె ఆలోచించింది. ఫోటోలోని వానను చూసింది, ఆయన తడి జుట్టును చూసింది.

"ఏమో, గుర్తు రావడం లేదు. మీ అన్నయ్యని అడగాలి. నా అలకలన్నీ ఆయనకే గుర్తు."