పాత చక్రాలకు కొత్త పూత

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. దాచుకునేదేం లేదు, మా ఆయనకు తెలుసు, మా వీధిలో సగం మందికి తెలుసు. ఆమెకొక్కదానికే తెలీదు, అదే ఇంకా ఒళ్ళుమండే సంగతి. ఆమె, మా మరిది ఒంగోలులో ఉంటారు. పండక్కో పబ్బానికో మార్కాపురం వస్తారు. వచ్చినప్పుడల్లా తెల్లకారు మా గేటు ముందర ఆగుతుంది. దాని చక్రాలు ఎంత తళతళలాడతాయంటే, మా అత్త నడుం పట్టుకుని మరీ వంగి వాటిల్లో మొహం చూసుకుంటుంది.

"ఎంత నిగనిగా ఉండాయమ్మా" అంటుంది.

ఏడాదంతా ఆమె మోకాళ్ళకు నూనె రాసేది నేను. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో వెతికిచ్చేది నేను. చారులో ఉప్పు తక్కువైందని మాట పడేదీ నేనే. ఆ మెచ్చుకోలు మాత్రం ఒంగోలు నుంచి వచ్చినోళ్ళకు పోతుంది.

కారు మాకూ ఉంది. గిద్దలూరులో ఒకాయన అమ్ముతుంటే మా ఆయన పాతది కొన్నాడు. ఇంజను బాగుంది, సీట్లు బాగుండాయి, చక్రాలే చూసేట్టు లేవు. అవీ అల్లాయ్ చక్రాలే. పైన అద్దంలాంటి పూత ఒకటి ఉంటుంది, క్లియర్ అంటారు. అది మా ఎండలకు పచ్చబడి, పొట్టు పొట్టుగా లేచిపోయింది. లేవని చోట దాని కింద తెల్లటి చారలు, పురుగు పాకినట్టు. మా అత్త ఒకరోజు చూసి "దీనికి గజ్జి తగిలిందేందిరా" అనింది. మా ఆయన నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

కార్తీకమాసంలో అందరం శ్రీశైలం పోదామనింది అత్త. రెండు కార్లు. ఆమె ఏ కార్లో ఎక్కుతుందో ఎవరూ పైకి అనలేదు గానీ, నాకు పొద్దున లేస్తే అదే ధ్యాస. పోయినేడు తెల్లకార్లో ముందు సీట్లో కూర్చుని పోయింది. మేం వెనకాల వాళ్ళ దుమ్ము తింటా పోయినాం. ఈసారి ఆమె మా కారు ఎక్కాల. ఆ గజ్జి పోతే ఎక్కుతుందని నా లెక్క.

"చక్రాలు పెయింటరుకు ఇద్దాం" అన్నా.

"తిరిగే చక్రానికి సోకేందే" అన్నాడు మా ఆయన.

సరే, నేనే చేసుకుంటా పో అన్నా. పెళ్ళికి ముందు మా అమ్మతో పలకల ఫ్యాక్టరీకి పోయినదాన్ని, నీళ్ళు చల్లి రాయిని నున్నగా రుద్దడం నాకొకరు నేర్పాలనా? సబ్బుతో కడిగినా, కిరసనాయిలుతో జిడ్డు తీసినా. గరుకు కాగితం ముందు, సన్నది తర్వాత, నీళ్ళు పోస్తా రుద్దుతా ఉంటే పాత పూత తెల్లటి బురదై కారింది. టైరుకు రంగు అంటకుండా బీరువాలో పడున్న పాత పెళ్ళిపత్రికలు చుట్టూరా దోపినా. ఒక్క తప్పు జరిగింది. పలకను నిలువుగా రుద్దుతారు, చక్రాన్ని గుండ్రంగా రుద్దాలంట. నా చేతికి పలకే తెలుసు. వెండిరంగు కొట్టినాక కూడా ఏటవాలు ఎండలో నిలువు గీతలు కనిపించినాయి. కనిపించనీ, గజ్జి కంటే నయమే అనుకున్నా.

ఇంక క్లియర్ కొట్టడమే మిగిలింది. "కొట్టినాక రెండు రోజులు చెయ్యి పెట్టొద్దమ్మా, మంచుకు తొందరగా ఆరదు" అని పెయింట్ల దుకాణం ఆయప్ప మరీ మరీ చెప్పినాడు. నేనూ తీరిగ్గా చేద్దామనే అనుకున్నా. అంతలో తోడికోడలు ఫోను. "అక్కా, ఆయనకు సెలవు ముందే దొరికింది. ఈ సాయంత్రం వచ్చేస్తున్నాం, రేపే పోదాం" అనింది ముద్దుముద్దుగా. వాళ్ళకు సెలవు దొరికితే లోకమంతా బయల్దేరాల. స్ప్రే డబ్బా ఊపి, ఎండ పూర్తిగా దిగకముందే నాలుగు చక్రాలకూ కొట్టేసినా. "ఆరదే" అన్నాడు మా ఆయన. "ఆరుతుంది" అన్నా.

ఆరలేదు. పొద్దున్నే వేలితో ముట్టి చూస్తే బంక బంకగా ఉంది. చూపుకు మాత్రం తళతళా మెరుస్తా ఉంది, నాకు అది చాలు. లోపలికి పోయి పులిహోర డబ్బాలకు సర్దుతా ఉన్నా.

మా వైపు దూరప్రయాణమైతే కారు చక్రాలకు పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఇంటి బండికి ఆ ఇంటి పెద్దామె పెట్టాల. నేను డబ్బాలు తీసుకుని బయటికి వచ్చేసరికి అత్త తలస్నానం చేసి, పళ్ళెం పట్టుకుని మా కారు ముందర ఉంది. ముందు చక్రాలు రెంటికీ పసుపు అద్ది, దాని మీద బొటనవేలితో కుంకుమ ఒత్తింది. వేలిముద్ర ఆ బంకలో దిగబడింది. నా కష్టమంతా పాయె, అరవాల్సిందే. అరవలేదు. ఎందుకంటే, తెల్లకారు వైపు ఆమె పోనేలేదు. మా చక్రాలకే పెట్టింది. ఇంక మా కార్లోనే ఎక్కుతుంది, గెలిచినా అనుకున్నా.

అత్త పళ్ళెం నా చేతికిచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, నేరుగా పోయి తెల్లకారు ముందు సీట్లో కూర్చుంది.

ఉండబట్టలేక పోయి అడిగేసినా. "మా కార్లో రావా అత్తా?"

"నువ్వు ఇంట్లోదానివి గదమ్మే. రోజూ నీ దగ్గరే ఉంటా. వాళ్ళు చుట్టపుచూపుగా వచ్చినారు, ఎక్కకపోతే చిన్నబుచ్చుకుంటారు" అనింది. "అవునూ, మీ చక్రాలు అంత జిగటగా ఉండాయేంది?"

దారి పొడుగునా ఆ మాటే నెమరేసినా. ఇంట్లోదాన్నంట. చుట్టమైతే ముందు సీటు, ఇంట్లోదైతే పులిహోర. ఒక్క ఏడన్నా నేను ఒంగోలులో ఉండి, తోడికోడలు ఇక్కడుండి మోకాళ్ళకు నూనె రాస్తే తెలిసొచ్చేది. ముందర పోతా ఉన్న ఆ తెల్ల డిక్కీని చూసి చూసి నా కళ్ళు మండినాయి.

దోర్నాలలో టీకి ఆగినాం. అత్త మోకాళ్ళు పట్టేసినాయని కారు దిగలేదు. తోడికోడలు మాత్రం దిగి మా కారు దగ్గరికి వచ్చింది.

"రంగు వేయించినారా అక్కా? భలే ఉండాయి" అని, చక్రం ముందర కూర్చుంది. కుంకుమను గోరుతో గీకింది. రాలేదు. దార్లో గాలికి, ఎండకు పూత బిగిసిపోయి, అత్త బొటనవేలి గీతలతో సహా కుంకుమ లోపలే ఉండిపోయింది.

"పోదేందక్కా ఇది?" అనింది. "మా కారుకు అత్త ఎన్నడూ పెట్టలేదు. కొన్నప్పుడు ఒంగోలు వచ్చింది గదా, అప్పుడు కూడా నన్నే పెట్టుకోమనింది."

తల ఎత్తింది. ఆ మొహం నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో చూసుకునేదే. పూత ఆరక అంటుకుందని చెప్పొచ్చు. చెప్పలేదు.

"అత్త ఇంటి బండికే పెడుతుందిలే" అన్నా. ఎక్కడ గుచ్చుకుంటుందో తెలిసే అన్నా.

ఆమె లేచి, టీ తాగకుండానే పోయి కార్లో కూర్చుంది. నాకు టీ ఎన్నడూ అంత తియ్యగా లేదు.

సగం తాగినానో లేదో, తెల్లకారు అద్దం కిందికి దిగింది. ముందు సీట్లోంచి అత్త చెయ్యి ఊపుతా ఉంది. "ఏమ్మే, నాకూ ఒక టీ పట్టుకరా. చక్కెర తక్కువేయించు."

గ్లాసు అక్కడే పెట్టేసి, పోయి పట్టుకొచ్చి ఇచ్చినా.